బడి చదువు మీద ఇంటి ప్రభావం: తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు, పాఠశాల కమిటీ సభ్యులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా ఉన్న మాట ఒకటే. "పేద ఇల్లు, ఏం చేస్తాం" అనుకుంటే చేయడానికి ఏమీ మిగలదు. ఆ ఇంట్లో పిల్లాడి రోజు ఎలా గడుస్తోందో గంటగంటకూ చూస్తే చేయగలిగినవి చాలా కనిపిస్తాయి.

ఇంటికీ మార్కులకూ నిజంగా అంత సంబంధం ఉందా?

ఉంది. దీన్ని మొదట భారీ ఎత్తున లెక్కగట్టింది అమెరికాలో. 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం 6 లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలు సేకరించింది. బడుల ఖర్చుల్లో, వసతుల్లో ఉన్న తేడాల కంటే పిల్లల ఇళ్ల మధ్య తేడాలే మార్కులతో ఎక్కువ ముడిపడి ఉన్నాయని తేల్చింది. 1983లో హేన్‌మన్, లాక్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు 29 దేశాల లెక్కలు పోల్చి, పేద దేశాల్లో మాత్రం బడి ప్రభావం అంతకంటే ఎక్కువని చూపించారు. మనకు ఈ రెండో మాటే ముఖ్యం. ఇంట్లో ఏమీ లేని పిల్లాడికి మంచి టీచరు, సరిగ్గా నడిచే బడి దొరికితే కలిగే మేలు చాలా పెద్దది.

మన ఊళ్ల లెక్కలూ ఉన్నాయి. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాల్లో, హైదరాబాద్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. వాళ్లలో 2,000 మంది 2001-02లో పుట్టినవాళ్లు, 1,000 మంది 1994-95లో పుట్టినవాళ్లు. తల్లి చదువును బట్టి, ఇంటి ఆస్తిని బట్టి వచ్చే తేడా అయిదేళ్లకే, అంటే ఒకటో తరగతిలో అడుగు పెట్టకముందే కనిపిస్తుందని అందులో తేలింది. బడి ఆ తేడాను తగ్గించాలి. చాలా చోట్ల తగ్గించలేకపోతోంది.

అంటే అసలు సమస్య డబ్బేనా?

డబ్బు మూలంలో ఉంటుంది. కానీ అది పిల్లాడి పలక దాకా నేరుగా రాదు, మధ్యలో కొన్ని దారుల గుండా వస్తుంది: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, పొద్దున ఏం తిన్నాడు, నెలలో ఎన్ని రోజులు బడి పోయింది, బోర్డు కనిపిస్తోందా, టీచరు భాష అర్థమవుతోందా, ఇంట్లో ఎవరైనా అతను చదివేది వింటున్నారా. ఒకే కూలి డబ్బుతో బతికే రెండు ఇళ్లలో ఈ ఆరు విషయాలూ పూర్తిగా వేరుగా ఉండొచ్చు. ఆదాయం పెంచడం టీచరు చేతిలో లేదు. ఈ ఆరింటిలో మూడు నాలుగు మాత్రం టీచరూ తల్లీ కలిస్తే మార్చగలిగినవే.

మాకు చదువు రాదు. పిల్లలకు మేమేం సాయం చేయగలం?

చాలా చేయగలరు. పాఠం చెప్పడం మీ పని కాదు. చదువు సాగుతోందో లేదో కనిపెట్టడం మీ పని. దానికి అక్షరాలు రానక్కర్లేదు.

రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు, పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ పైకి చదవమనండి. ప్రతి మాట కింద వేలు పెట్టి చదవమనండి. చాలామంది పిల్లలు పాఠాన్ని విని విని కంఠతా పట్టేస్తారు. పుస్తకం చూస్తున్నట్టే ఉంటారు, చదవరు. వేలు ఒక చోట, నోరు ఒక చోట ఉంటే అది కంఠస్థమే. ఇంకో పరీక్ష కూడా ఉంది: పేజీ మధ్యలో మీకు తోచిన మాట మీద మీరే వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగండి. పై నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ మాట చదవడం రానట్టే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివితే భయపడకండి. అది మొదటి మెట్టు, రోజూ చదివితే దాటిపోతుంది.

లెక్కలకు ఇంట్లోనే సరుకుంది. పాలవాడి లెక్క, కిరాణా చీటీ, డ్వాక్రా సంఘం పాస్‌బుక్కు, పత్తి ఏరిన కిలోలకు వచ్చిన కూలి. వీటిని పిల్లలతో రాయించండి, కూడించండి. మీరు నోటి లెక్క చెప్పండి, వాళ్లు కాగితం మీద చేయాలి. రెండూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ వెతకండి. సంతలో ఏళ్ల తరబడి బేరమాడిన తల్లి నోటి లెక్క ఐదో తరగతి పిల్లాడి లెక్కకు ఏమాత్రం తీసిపోదు. అది పిల్లాడికి తెలియడం కూడా మంచిదే.

వారానికోసారి నోటుపుస్తకం తిప్పండి. చివరి తేదీ ఎప్పటిదో, టీచరు ఎర్ర పెన్ను గీత ఉందో లేదో చూడండి. తేదీలు ఆగిపోతే పిల్లాడు రాయడం మానేశాడన్నా, టీచరు చూడడం మానేశారన్నా అర్థం. రెండూ అడగాల్సిన విషయాలే.

బడికి వెళ్లినప్పుడు "మావాడు బాగా చదువుతున్నాడా సార్?" అని అడిగితే "పర్వాలేదమ్మా" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: "మావాడు రెండో తరగతి కథ ఆగకుండా చదవగలడా? పదులు తెచ్చుకునే తీసివేతలు వచ్చా? పోయిన నెలలో ఎన్ని రోజులు రాలేదు?" ఈ మూడూ పిల్లాడు ఏ తరగతిలో ఉన్నా అడగొచ్చు. ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ (ASER) సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు.

నెలకు రెండు మూడు రోజులు బడి మానితే అంత నష్టమా?

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220. నెలకు మూడు రోజుల చొప్పున పది నెలలకు 30 రోజులు పోతే, 220లో ఏడో వంతు పోయినట్టు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. లెక్కల్లో పాఠాలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. భాగహారం మొదలుపెట్టిన వారం బడికి రాని పిల్లాడికి ఆ తర్వాత భిన్నాలు, శాతాలు, ఎనిమిదో తరగతి వడ్డీ లెక్కలు అన్నీ చీకటే. టీచర్లకు ఒక సూచన: హాజరు పట్టీలో శాతం ఒక్కటే చూడకండి, ఏ వారాలు పోయాయో చూడండి. సంత రోజు, సోమవారం, పండగ మర్నాడు పదేపదే ఖాళీ కనిపిస్తే దాని వెనక ఇంట్లో ఒక నిర్దిష్టమైన కారణం ఉంటుంది. అది తెలిస్తే సరిచేయొచ్చు.

పిల్లలు ఇంటిపని, పొలం పని చేయడం తప్పా? ఎంతవరకు ఫర్వాలేదు?

బడి అయ్యాక చెంబుడు నీళ్లు తేవడం, మేకను కట్టేయడం తప్పు కాదు. బాల కార్మిక చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలను బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత కుటుంబ పనిలో సాయం చేయనిస్తుంది. కూలికి పంపడాన్ని ఒప్పుకోదు. మా అంచనాలో బడి ఉన్న రోజున పని రెండు గంటలు దాటితే మొదట పోయేది ఆట, తర్వాత చదువు, ఆ తర్వాత నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నీళ్లు పట్టి, అంట్లు తోమి వచ్చిన అమ్మాయి మధ్యాహ్నం క్లాసులో కునుకు తీస్తే అది సోమరితనం కాదు.

ఆడపిల్లల పని లెక్కలోకి రాదు, ఇబ్బంది అక్కడే. తమ్ముణ్ణి చూసుకోవడాన్ని ఇంట్లో ఎవరూ పని అనరు, ఆ అమ్మాయి కూడా అనదు. ఇలాంటి ఇంట్లో అక్కను బడికి రప్పించే దగ్గరి దారి తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్చడం. టీచరు అక్క కోసం ఇంటికి వెళ్లేటప్పుడు అంగన్‌వాడీ టీచర్‌ను కూడా వెంటబెట్టుకుని వెళ్తే ఒక్క రాకతో రెండు పనులవుతాయి.

"పేదవాళ్లు కాబట్టి పనికి పంపుతారు, ఏం చేయలేం" అనే మాటకు రంగారెడ్డి జిల్లాలో గట్టి జవాబు వచ్చింది. శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి అక్కడ పనిలో ఉన్న పిల్లలను బయటికి తెచ్చి, బడి చదువు అందుకునేలా తయారుచేసే బ్రిడ్జి శిబిరాల్లో కొన్ని నెలలు ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఈ పనికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. కుటుంబాల ఆదాయం పెరిగేదాకా వాళ్లు ఆగలేదు. బడిలో చేరే పద్ధతిని సులువు చేశారు, ఊరంతా ఒక మాట మీద నిలబడేలా చూశారు. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సీడ్ పత్తి క్రాసింగ్ పనికి (విత్తనాల కోసం పత్తి పూలను చేత్తో సంకరం చేసే పనికి) ఆడపిల్లలను తీసుకెళ్లడం కూడా ఊళ్లు అడ్డుకున్న చోటే తగ్గింది. పెద్దలకు ఇచ్చే కూలి కంటే తక్కువకు దొరుకుతారనే పిల్లలను పెట్టుకుంటారన్నది గుర్తుంచుకోవాలి.

పిల్లాడి రోజు ఎలా గడుస్తోందో టీచరు ఎలా తెలుసుకోవాలి?

ఒక కాగితం మీద పొద్దున 4 నుంచి రాత్రి 11 దాకా అరగంటకో గీత గీయండి. పిల్లాడిని విరామంలో, ఒంటరిగా, పది నిమిషాలు కూర్చోబెట్టి "నిన్న" గురించి అడగండి. "రోజూ ఏం చేస్తావు?" అని అడగకూడదు. అలా అడిగితే "అయిదింటికి లేస్తా, చదువుకుంటా" అని మీకు నచ్చే జవాబు చెబుతారు. "నిన్న నిద్ర లేచినప్పుడు చీకటిగా ఉందా, తెల్లారిందా? ముందు ఏం చేశావు? నీళ్లు ఎవరు పట్టారు? తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకున్నారు? కరెంటు ఉందా? అన్నం ఎప్పుడు తిన్నావు?" అని వరసగా వెళ్లండి. నిద్ర, పని, నడక లేదా ప్రయాణం, తిండి, చదువు, ఆట లేదా ఫోను అని ఆరు గుర్తులు పెట్టుకుంటే చాలు.

ఒక్క రోజు పట్టిక మోసం చేస్తుంది. బడి రోజుకు ఒకటి, ఆదివారానికి ఒకటి, పత్తి లేదా మిరప పని నడిచే రోజుల్లో ఒకటి తీయండి. తరగతి అందరి ముందూ అడగొద్దు, ఇంటి గుట్టు బయటపడుతుందని పిల్లలు అబద్ధం చెబుతారు. కాగితం మీద పేరు రాయకండి. కూలి పనికి పంపుతున్నారని ఎవరైనా కేసు పెడతారేమోనన్న భయంతో తల్లిదండ్రులు మీతో మాటలు తగ్గించేస్తారు. మీరే ఒక గుర్తు పెట్టుకోండి.

తర్వాత మూడు అంకెలు చూడండి. నిద్ర 9 గంటల కంటే (13 ఏళ్లు, ఆపైవాళ్లకు 8 కంటే) తక్కువా? పని 2 గంటలు దాటిందా? చదువు అరగంట కూడా లేదా? ఏది తప్పిందో దాన్నిబట్టే తల్లితో మాట్లాడాలి. "మీవాడు చదవడం లేదు" అని మొదలుపెడితే ఆమె పిల్లాడిని కొడుతుంది. "రాత్రి పది దాటాక పడుకుంటున్నాడు, ఒక గంట ముందు పడుకోబెట్టగలమా?" అంటే ఆలోచిస్తుంది.

ఖాళీ కడుపుతో వచ్చే పిల్లల సంగతి?

రాత్రి ఎనిమిదింటికి తిని, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లాడికి మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం అందితే అది 17 గంటల ఉపవాసం. చాలా బడుల్లో తెలుగు, లెక్కలు ఆ ఉపవాసపు వేళలోనే చెబుతారు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించాక దేశమంతటా వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. ప్రమాణం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. పై తరగతుల పిల్లలకు 150, 30, 75 గ్రాములు. కమిటీ సభ్యులు వంట చూడటానికి వెళ్తే ఈ అంకెలు గుర్తుంచుకుని వెళ్లండి. యాభై మంది ప్రాథమిక పిల్లలున్న రోజున పప్పు కిలో ఉండాలి. సాంబారు నీళ్లలా ఉందని కేకలు వేసేకంటే పప్పు తూకం అడగడం మేలు. పొద్దున రాగి జావ ఇచ్చే బడుల్లో అది ప్రార్థనకు ముందే అందితేనే ఫలితం. మొదటి పీరియడ్ అయ్యాక ఇస్తే సగం లాభం పోయినట్టే.

రక్తహీనత ఇంకో చిక్కు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. వాళ్లే తర్వాత మన ఒకటో తరగతి పిల్లలు. అలసట, తొందరగా ఆయాసం, మట్టి, బలపాలు తినడం దీని గుర్తులు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలు చాలా చోట్ల డస్ట్‌బిన్‌లో తేలుతాయి. కారణం కడుపులో తిప్పడం, నల్లటి విరేచనం చూసి భయపడటం. భోజనం తర్వాత, టీచరు ఎదుట, నీళ్లతో మింగిస్తే తిప్పడం తగ్గుతుంది. నల్లటి విరేచనం మామూలేనని ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్న గంటలో టీ తాగకూడదు, నిమ్మకాయ పిండిన అన్నం, జామకాయ మంచివి. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, నమిలి మింగాలి. ఆ రోజు రానివాళ్లకు తర్వాత ఇచ్చే రోజు కూడా ఉంటుంది. బడికి తరచూ రాని పిల్లలే ఇక్కడా తప్పిపోతారు కాబట్టి వాళ్ల పేర్లు విడిగా రాసుకోవాలి.

వాడికి తెలివి లేదనుకున్నాం, చూపు లేదని తేలింది. ముందే ఎలా కనిపెట్టాలి?

చివరి బెంచీ నుంచి బోర్డు మీది వాక్యాన్ని ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చదివించండి. కళ్లు చికిలించడం, పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకోవడం, సాయంత్రానికి తలనొప్పి గుర్తులు. చెవిలో చీము కారే పిల్లలకు సగం పాఠం వినిపించదు. ఇద్దరినీ ముందు వరసకు మార్చండి, బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చూపించండి. కళ్లద్దాలు ఇచ్చాక పిల్లలు ఎగతాళికి భయపడి సంచీలో దాచేస్తారు. మొదటి వారం టీచరు కనిపెట్టి ఉండాలి.

పనికోసం వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఏం చేయాలి?

నారాయణపేట, ఆదోని, మంత్రాలయం, కోసిగి ప్రాంతాల టీచర్లకు ఇది ప్రతి ఏటా వచ్చే బాధ. దసరా, దీపావళి దాటాక పత్తికి, సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కదులుతాయి, పిల్లలూ వెళ్తారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడతాయి.

పని మొదలుపెట్టాల్సింది దసరాకు ముందే. ఎవరు వెళ్తారో పాఠశాల కమిటీ ఇంటింటికీ తిరిగి జాబితా రాయాలి. అందులో అవ్వాతాతల దగ్గర ఉండగలిగినవాళ్లను, ఎవరూ లేనివాళ్లను వేరు చేయాలి. రెండో రకం పిల్లల కోసం సీజనల్ హాస్టల్ (వలస కాలంలో ఊళ్లోనే ఉండి చదువుకునే తాత్కాలిక వసతి) పెట్టమని జాబితాతో సహా మండల విద్యాధికారికి ఇవ్వాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఆలస్యం. కుటుంబం రైలెక్కాక హాస్టల్ తెరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చే రోజులు ఊళ్లో అందరికీ తెలుసు, వాటికి ముందే తెరవాలి.

తప్పక వెళ్లే పిల్లల చేతికి పాఠ్యపుస్తకాలు, ఏ తరగతో చెప్పే స్టడీ సర్టిఫికెట్ ఇచ్చి పంపండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాది మధ్యలోనైనా ఏ ప్రభుత్వ బడి అయినా చేర్చుకోవాల్సిందే. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో కాదనకూడదు. వెళ్లిన పిల్లాడికి హాజరు వేసుకుంటూ పోవడం అతనికి మేలు కాదు. కాగితం మీద చదువుతున్నట్టు కనిపించినవాడికి బడి మధ్యలో ఆగినవాళ్లకు ఇచ్చే ప్రత్యేక శిక్షణ రాదు. తిరిగొచ్చాక నేరుగా తరగతిలో కూర్చోబెట్టకుండా, పోయిన పాఠాల్లో చదవడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ముందు పట్టించాలి.

ఇటుక బట్టీల దగ్గర ఇంకో సమస్య. పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే పిల్లల భాష ఒడియా. వాళ్లకు తెలుగు వాచకం ఇచ్చి కూర్చోబెడితే ఆరు నెలలు పోతాయి.

ఇంట్లో లంబాడీ, గోండి మాట్లాడతారు. బడిలో తెలుగు, పైగా ఇంగ్లిష్ మీడియం. ఎలా?

ఒకటో తరగతిలో మౌనంగా కూర్చునే తండా పిల్లాడికి మాటలు రాక కాదు, మీ మాటలు రాక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చారు. ఆ పుస్తకాలు మీ బడిలో లేకపోయినా ఒక పని చేయొచ్చు. తండా పెద్దలతో కూర్చుని వంద మాటలు రాసుకోండి: కూర్చో, రా, పుస్తకం, ఎక్కువ, తక్కువ, ఎందుకు, అర్థమైందా, కడుపునొప్పి. మొదటి మూడు నెలలు పిల్లలు తమ భాషలో జవాబు చెబితే ఒప్పుకోండి.

ఇంగ్లిష్ మీడియం సంగతికొస్తే, రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇంటి దగ్గర ముందు తెలుగు పేజీ చదివి విషయం తెలుసుకుని, తర్వాత ఇంగ్లిష్ పేజీ చదవాలి. చాలామంది తెలుగు పేజీ వదిలేసి గైడ్‌లోని జవాబులు బట్టీ పడతారు, ప్రశ్న కొద్దిగా మారితే చేతులెత్తేస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవుతుందన్న భయం వద్దు.

ప్రైవేటు బడికి మారిస్తే ఇంటి లోటు తీరుతుందా?

దీన్ని మన రాష్ట్రంలోనే పరీక్షించారు. 2008లో మొదలై నాలుగేళ్లు సాగిన అధ్యయనంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే లాటరీ గెలిచినవాళ్లకు, గెలవనివాళ్లకు తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు. ప్రైవేటు బడులు ఇదే పనిని తక్కువ ఖర్చుతో, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి చేశాయి, అది వాళ్ల గొప్పే. కానీ ప్రైవేటు బడి పిల్లలు ముందుండటంలో పెద్ద భాగం వాళ్ల ఇళ్ల నుంచి వచ్చిందేనని దీన్నిబట్టి తెలుస్తుంది. అప్పు చేసి ఫీజు కట్టే ముందు ఈ మాట ఆలోచించండి. అన్నను ప్రైవేటుకు, చెల్లెల్ని ప్రభుత్వ బడికి పంపే ఇళ్లు ఇంకా ఎక్కువ ఆలోచించాలి.

బడికి పంపినందుకు ఖాతాలో పడే డబ్బు చదువుకు ఉపయోగపడుతుందా?

హాజరుకు ఉపయోగపడుతుంది. మార్కులకు ఉపయోగపడటం దాన్ని దేనికి ఖర్చుపెట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరీక్షలో బడులకు పుస్తకాలు, సామగ్రి కోసం నిధులిచ్చారు. నిధులు అనుకోకుండా వచ్చిన మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది, వస్తాయని ముందే తెలిసినప్పుడు, ఇళ్లలో తమ సొంత ఖర్చు తగ్గించుకున్నారు, మార్కులు పెరగలేదు. తల్లిదండ్రుల తప్పు ఇందులో లేదు, చేతిలో తక్కువ డబ్బున్న ఎవరైనా అదే చేస్తారు. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో 2025లో తల్లికి వందనం అనే ప్రభుత్వ పథకం కింద పిల్లకు 13,000 చొప్పున పడినట్టు, మీ ఖాతాలో ఏదైనా పడితే బడి ఎలాగూ ఇచ్చే సంచీ, బూట్లు, పుస్తకాలు మళ్లీ కొనకండి. చదువుకునే చోట ఒక మంచి లైటు, వారానికి నాలుగు గుడ్లు, కళ్లద్దాలు, బస్సు పాసు వీటికి పెట్టండి.

ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లు ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్ష వదులుకోవద్దు. ప్రభుత్వ బడిలో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలకు ఇది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులుండాలి. చాలామంది పోగొట్టుకునేది పరీక్షలో కాదు, ఆదాయ ధ్రువపత్రం సమయానికి తేలేక, బ్యాంకు ఖాతాలో పేరు ఆధార్‌తో కలవక. జూన్‌లోనే ఈ రెండూ సరిచేయించండి.

ఇంట్లో తాగుడు, గొడవలు. టీచరు కలగజేసుకోవచ్చా?

తండ్రిని నిలదీస్తే ఆ రాత్రి దెబ్బలు పిల్లాడికి పడతాయి. పిల్లాడికి సాయంత్రం ఒక సురక్షితమైన చోటు చూపించండి: బడిలో స్టడీ అవర్, అమ్మమ్మ ఇల్లు, నమ్మకమైన పొరుగింటి వసారా. హోంవర్కు చేయలేదని అందరి ముందూ అడగకండి. దెబ్బల గుర్తులు కనిపిస్తే, పెళ్లి మాటలు వినిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పెళ్లి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైగా. వేసవి సెలవుల తర్వాత ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయి పది రోజులు కనిపించకపోతే పదకొండో రోజు దాకా ఆగకండి.

మావాడు అయిదో తరగతి, రెండో తరగతి పుస్తకం కూడా చదవలేడు. ఇంకా అవకాశం ఉందా?

ఉంది, అదీ నెలల్లోనే. పిల్లలను తరగతిని బట్టి కాకుండా ఏ మెట్టు మీద ఉన్నారో చూసి గుంపులు చేయాలి: అక్షరాలు, మాటలు, పేరా, కథ. రోజుకు గంటన్నర, ఆ మెట్టుకు తగిన పనే. 2001-03లో ముంబై, వడోదర బడుల్లో ప్రథమ్ సంస్థ స్థానిక యువతులతో వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పించినప్పుడు బాగా వెనకబడినవాళ్లే ఎక్కువ లాభపడ్డారని పరీక్షించి తేల్చారు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం కూడా ఇదే ఆలోచన. చెడేది ఎక్కడంటే, సిలబస్ పూర్తి కాలేదన్న ఒత్తిడితో ఆ గంటన్నరను వెనక్కి లాక్కోవడం.

పదో తరగతి పిల్లాడికి ఇంట్లో కూర్చుని చదివే చోటే లేదు. ఒకే గది, టీవీ, ఆరుగురం. ఏం చేయాలి?

చోటు బయట వెతకాలి. సాయంత్రం రెండు గంటలు బడి గది తాళం తెరిచి ఉంచమని పాఠశాల కమిటీ తీర్మానం చేయొచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది స్త్రీలు, కాబట్టి ఇది మీ చేతిలోని పనే. తీర్మానంలో నాలుగు విషయాలు రాయించండి: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆ రోజు కూర్చునే ఇద్దరు పెద్దలు ఎవరు, అమ్మాయిలను ఇంటికి ఎవరు దింపుతారు, లైటు, తాగునీళ్లు ఎవరు చూస్తారు. మూడోది రాయకపోతే వారం తిరిగేసరికి అమ్మాయిలు రావడం మానేస్తారు. బడి దూరమైతే పంచాయతీ గది, గ్రంథాలయం, గుడి మండపం చూడండి. ఇంట్లో మాత్రం రాత్రి పదింటికి టీవీ, ఫోను ఆపేసి, ఫోను చార్జింగ్ పడక దగ్గర కాకుండా వంట గదిలో పెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో రాత్రి ఒంటిగంట దాకా చదివించేకంటే ఆ నిద్ర నిద్రపోనిచ్చి, పొద్దున గంట చదివించి, పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టి రాయించడం మేలు.